అమెరికా సైకియాట్రీ డిపార్ట్‌మెంట్లలో నల్లజాతి వివక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

పదమూడేళ్ళుగా అమెరికాలో ఒక యూనివర్సిటీ ఆసుపత్రిలో సైకియాట్రిస్టుగా పని చేస్తున్నాను. రెసిడెన్సీకి (స్పెషలిస్టు శిక్షణకు) వచ్చిన తెలుగు జూనియర్లు, ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్నవాళ్ళు, ఒక్కోసారి మా ఇంటికి భోజనానికొచ్చిన చుట్టాలు కూడా అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. కొన్నిటికి జవాబు పెద్దదైంది. అక్కడ చెప్పాల్సింది అంత ఉంది.

సైకియాట్రీ డిపార్ట్‌మెంట్‌లో జాతి వివక్ష అంటే అసలు ఏమిటి? డాక్టర్లు పేషెంట్లను రంగు పేరుతో తిడతారా?

తిట్టరు. ఇన్నేళ్ళలో ఒక డాక్టర్ నోట అలాంటి తిట్టు నేను వినలేదు. అందుకే చాలామంది "మా దగ్గర ఆ సమస్య లేదు" అని మనస్ఫూర్తిగానే నమ్ముతారు.

మేం రాసే మాటల్లో చూడాలి దాన్ని. ఒకే రకంగా గొంతు పెంచిన ఇద్దరిలో ఒకరి ఛార్టులో "ఆందోళనగా ఉన్నాడు" అని పడుతుంది. ఇంకొకరి ఛార్టులో "అగ్రెసివ్, స్టాఫ్‌కి ప్రమాదం" అని పడుతుంది. మొదటిది చదివినవాళ్ళు కుర్చీ లాక్కుని కూర్చుంటారు. రెండోది చదివినవాళ్ళు సెక్యూరిటీకి ఫోన్ చేస్తారు. సంతకం పెట్టాక ఆ మాట చెరగదు. వచ్చే ఏడాది ఇంకో ఊళ్ళో ఎమర్జెన్సీకి ఆ మనిషి వెళ్తే, ఆయన కంటే ముందే ఆ మాట వెళ్ళి కూర్చుని ఉంటుంది.

ఇది నా ఒక్కదాని అనుమానం కాదు. షికాగోలో ఒక యూనివర్సిటీ ఆసుపత్రిలో 18 వేల మందికి పైగా పేషెంట్ల నోట్స్ చదివి 2022లో ఒక పరిశోధన వచ్చింది. "చెప్పినట్టు వినడు", "ఒప్పుకోలేదు", "ఆవేశంగా ఉన్నాడు" లాంటి మాట కనీసం ఒకటైనా ఉండటం, ఆడ్స్ (ఉన్నవాటికి, లేనివాటికి మధ్య నిష్పత్తి) లెక్కలో, తెల్లవారి కంటే నల్లజాతి పేషెంట్ల నోట్స్‌లో 2.54 రెట్లు ఎక్కువగా కనిపించింది. అవన్నీ సైకియాట్రీ నోట్స్ కావు, అన్ని విభాగాలవీ. మాకు మాత్రం జబ్బు తేల్చే రక్తపరీక్షా ఎక్స్‌రే ఉండవు. డయాగ్నసిస్ మొత్తం మాటల మీదే నిలబడుతుంది. అందుకే మా దగ్గర ఈ జబ్బు ఎక్కువ నష్టం చేస్తుందని నా అభిప్రాయం.

మీరు కళ్ళారా చూసింది ఏదైనా చెప్పగలరా?

చూసింది కాదు, చేసింది చెప్తాను.

రెసిడెన్సీ రెండో ఏడాది, రాత్రి డ్యూటీ. టైము రెండున్నర దాటింది. ఎమర్జెన్సీలో సైకియాట్రీకి కేటాయించిన గది, కిటికీ ఉండదు, మంచం నేలకు బిగించి ఉంటుంది. లోపల ఇరవై నాలుగేళ్ళ నల్లజాతి అబ్బాయి, మంచి పొడగరి. నేను వెళ్ళగానే నర్స్ "అగ్రెసివ్‌గా ఉన్నాడు, జాగ్రత్త" అంది. ఛార్టులో మొదటి లైను, పోలీసులు తీసుకొచ్చారని. అబ్బాయి గదిలో అటూ ఇటూ నడుస్తున్నాడు. "నా ఫోన్ చచ్చిపోయింది, ఛార్జర్ ఇవ్వండి" అని పదే పదే అడుగుతున్నాడు. గుమ్మం దగ్గర నలుగురు గార్డులు నీలం గ్లవ్స్ తొడుక్కుంటున్నారు. ఆ రబ్బరు సాగే చప్పుడు నాకింకా వినిపిస్తుంది. అబ్బాయి చూపు కూడా ఆ చేతుల మీదే ఉంది. గొంతు పెంచాడు. నేను గుమ్మంలోనే నిలబడి రెండు ప్రశ్నలు అడిగి, బయటికొచ్చి ఆర్డర్ పెట్టాను. ఇక్కడ ఎమర్జెన్సీల్లో అందరూ "బి-52" అంటారు. మనిషిని మత్తులో పెట్టే మూడు మందులు, మిల్లీగ్రాముల్లో: హాల్డాల్ 5, అటివాన్ 2, బెనడ్రిల్ 50. బాంబులేసే విమానం పేరు అది. కాళ్ళూ చేతులూ నాలుగు వైపులా కట్టేశారు.

పొద్దున మేనత్త వచ్చింది. అబ్బాయి తల్లి అంతకుముందు రోజే వేరే ఆసుపత్రి ఐసీయూలో చేరింది. అక్కడి నుంచి కబురు ఆ ఫోన్‌కే రావాలి. మూడు రాత్రులుగా నిద్ర లేదు. ఛార్జర్ అడిగితే ఎవరూ ఇవ్వలేదు. నా నోట్‌లో "ఫోన్ గురించే మాట్లాడుతున్నాడు, అనుమానపు ఆలోచనలు ఉండవచ్చు" అని ఉంది. తర్వాతి షిఫ్టు వాళ్ళు రాసిన నోట్‌లో "ఉండవచ్చు" ఎగిరిపోయింది. డిశ్చార్జి కాగితంలో "సైకోసిస్" (వాస్తవంతో సంబంధం తెగిన స్థితి) ఒక్కటే మిగిలింది.

ఆ అబ్బాయి మీద నాకు ద్వేషమేమీ లేదు, భయం ఉంది. ఆ భయం నాలోకి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రాత్రి ఆలోచించలేదు. అదే వారంలో ఒక తెల్ల కాలేజీ కుర్రాడు కుర్చీ ఎత్తి గోడకేసి కొట్టాడు. అతనితో నలభై నిమిషాలు కూర్చుని మాట్లాడాను.

ఇదంతా ఎప్పటిదో పాత కథ కదా? ఇప్పటి డాక్టర్లకు ఏం సంబంధం?

పాత కథే, కానీ మా వృత్తి పుట్టిన కథ కూడా అదే.

అమెరికా సైకియాట్రీకి పితామహుడని పేరున్న బెంజమిన్ రష్ బానిసత్వాన్ని వ్యతిరేకించాడు. ఆయనే నల్ల చర్మం కుష్ఠులాంటి ఒక వ్యాధి వల్ల వచ్చిందని కూడా రాశాడు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ముద్ర మీద 2015 దాకా ఆయన బొమ్మే ఉండేది.

1840 జనాభా లెక్కల్లో, ఉత్తరాది రాష్ట్రాల్లో స్వేచ్ఛగా బతుకుతున్న నల్లవారిలో పిచ్చి విపరీతంగా ఎక్కువని తేలిందన్నారు. మసాచుసెట్స్ డాక్టర్ ఎడ్వర్డ్ జార్విస్ కూర్చుని ఆ లెక్కలు తిరగేశాడు. ఒక్క నల్ల మనిషి కూడా లేని ఊళ్ళలో నల్ల పిచ్చివాళ్ళున్నట్టు రాసి ఉంది. తప్పని రుజువు చేసినా ఎవరూ సరిదిద్దలేదు. 1844లో విదేశాంగ మంత్రి జాన్ కాల్‌హౌన్ అవే లెక్కలు పట్టుకుని, స్వేచ్ఛ నల్లవారి మనసుకు పడదని వాదించాడు.

1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే దక్షిణాది డాక్టర్ "డ్రాపెటోమేనియా" అని ఒక జబ్బును కనిపెట్టాడు. బానిసలు యజమాని దగ్గర్నుంచి పారిపోవడమే ఆ జబ్బు. కొరడా దెబ్బలు కూడా వైద్యంలో భాగమే. మనిషి సంకెళ్ళు తెంచుకోవాలనుకుంటే దానికి గ్రీకు పేరు పెట్టి జబ్బు చేశారు. మెడికల్ జర్నల్‌లో అచ్చయింది అది.

తర్వాత నల్లవారికి వేరు ఆసుపత్రులు. మేరీలాండ్‌లో 1911లో మొదలైన క్రౌన్స్‌విల్ కట్టడంలో పని చేసింది పేషెంట్లే. అక్కడ చేర్పించిన నల్లజాతి మగవాళ్ళు చెట్లు కొట్టి, మట్టి మోసి, తాము ఉండబోయే ఆసుపత్రిని తామే కట్టారు. అది 2004లో మూతపడింది.

నన్ను ఎక్కువ కలతపెట్టేది 1960ల నాటి సంగతి. పౌరహక్కుల ఉద్యమం వీధుల్లో ఉన్న రోజులవి. 1968లో ఇద్దరు సైకియాట్రిస్టులు పేరున్న జర్నల్‌లో "ప్రొటెస్ట్ సైకోసిస్" అని వ్యాసం రాశారు. నిరసన భావాలు నల్లజాతి మగవాళ్ళలో ఒక రకం పిచ్చికి దారి తీస్తున్నాయని దాని సారం. అదే ఏడాది వచ్చిన, అమెరికా సైకియాట్రిస్టులు వాడే డయాగ్నసిస్ పుస్తకం రెండో కూర్పు, పారనాయిడ్ స్కిజోఫ్రీనియా (ఎవరో హాని చేస్తున్నారన్న అనుమానాలు, లేని గొంతులు వినిపించే జబ్బు) వర్ణనలో పేషెంటు తరచుగా శత్రుభావంతో, దూకుడుగా ఉంటాడని చేర్చింది. 1974లో హాల్డాల్ మందు ప్రకటనలో పిడికిలి బిగించిన నల్ల మనిషి బొమ్మ వేశారు. అప్పటిదాకా స్కిజోఫ్రీనియా అంటే తెల్ల గృహిణులు, మెత్తటి మనస్తత్వం ఉన్నవాళ్ళు అన్న ఊహ ఎక్కువగా ఉండేది. పదేళ్ళలో ఆ ఊహ మారిపోయింది. ఆ రాత్రి నేను ఆర్డర్ పెట్టింది కూడా హాల్డాలే.

స్కిజోఫ్రీనియా నల్లవారికి ఎక్కువగా రాస్తారంటారు. నిజంగానే జబ్బు ఎక్కువ ఉందేమో కదా?

అడగాల్సిన ప్రశ్నే. 2014లో అంతకుముందు వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, నల్లజాతి పేషెంట్లకు సైకోసిస్ కోవలోని డయాగ్నసిస్ తెల్లవారి కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువగా రాస్తున్నట్టు తేలింది. 2018లో ఇంకో విశ్లేషణ స్కిజోఫ్రీనియాకు 2.4 రెట్లని లెక్క కట్టింది.

పేదరికం, చిన్నప్పటి దెబ్బలు, పోలీసుల భయం, చెడ్డ ఇళ్ళు మనసును కుంగదీస్తాయి. వాటివల్ల సైకోసిస్ కూడా కొంత పెరగవచ్చు. దాన్ని నేను కాదనను. కానీ 2019లో రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళు న్యూజెర్సీ క్లినిక్‌లో 1,657 మంది రికార్డులు చూశారు. స్కిజోఫ్రీనియా అని రాసినవాళ్ళలో, డిప్రెషన్ పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్ళు తెల్లవారికంటే నల్లజాతివారిలోనే ఎక్కువ. అంటే కళ్ళెదుట ఉన్న దిగులును మేం లెక్కలోకి తీసుకోలేదన్నమాట.

రోజూ జరిగేది ఇదే. తెల్ల పేషెంటు "అందరూ నన్నే చూస్తున్నారు" అంటే ఎప్పటి నుంచి, నిద్ర ఎలా ఉంది, ఏడుపొస్తోందా అని అడుగుతాం. నల్లజాతి పేషెంటు "షాపులోకెళ్తే నా వెనకే తిరుగుతారు" అంటే పారనోయా అని రాసేస్తాం. ఆయన వెనక నిజంగానే తిరుగుతారు.

డయాగ్నసిస్ తప్పితే మందు తప్పుతుంది. యాంటీడిప్రెసెంట్‌తో తేరుకోవాల్సిన మనిషి నెలనెలా సూది వేయించుకుంటూ, బరువు పెరిగి, షుగర్ తెచ్చుకుని, పెదాలు నాలుక వాటంతటవే కదిలే జబ్బు తెచ్చుకుని యాభయ్యో ఏట మా క్లినిక్‌కి వస్తాడు. అప్పుడు కూడా పాత ఛార్టు చూసి అదే సూది రాసేవాళ్ళున్నారు.

రక్తపరీక్ష నంబర్లకు కూడా రంగు ఉంటుందా?

క్లోజాపిన్ కథ వినండి. మిగతా మందులు పని చేయని స్కిజోఫ్రీనియాకు దానికి మించిన మందు లేదు. ఆత్మహత్య ముప్పును కూడా తగ్గిస్తుంది. కాకపోతే కొద్దిమందిలో తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది కాబట్టి న్యూట్రోఫిల్స్ (ఆ తెల్లకణాల్లో ఒక రకం) లెక్క చూస్తూ ఇవ్వాలి. మొదలుపెట్టడానికి మైక్రోలీటరు రక్తంలో 1,500 ఉండాలన్నది అందరికీ పెట్టిన గీత.

ఆఫ్రికా మూలాలున్నవాళ్ళలో చాలామందికి డఫీ అనే రక్తపు గుర్తు ఎర్రకణాల మీద ఉండదు. వైవాక్స్ మలేరియా నుంచి కాపాడుతూ వచ్చిన లక్షణం అది. అలాంటివాళ్ళకు రక్తంలో న్యూట్రోఫిల్స్ పుట్టుకతోనే కాస్త తక్కువ. దానివల్ల ఇన్‌ఫెక్షన్లేమీ ఎక్కువ రావు, ఆరోగ్యంగానే ఉంటారు. కానీ గీత యూరప్ రక్తాన్ని చూసి గీసింది. మా క్లినిక్‌లో ఒకాయనకు ఎప్పుడు చూసినా 1,300, 1,400 వస్తుంది. ఆయనకు క్లోజాపిన్ మొదలుపెట్టడం, ఆపేయడం మూడుసార్లు జరిగింది. ఆపిన ప్రతిసారీ ఆసుపత్రిలో చేరాడు. అలాంటివారికి వేరు గీత, 1,000, అమెరికా ఔషధ సంస్థ 2015లోనే ఇచ్చింది. ఆ సంగతి మాలో ఎవరూ ఆయన విషయంలో గుర్తు చేసుకోలేదు. 2025లో రిపోర్టు ఇస్తేనే మందు అన్న కేంద్ర నిబంధననే ఎత్తేశారు.

కిడ్నీ లెక్క సంగతీ అంతే. 2021 దాకా ఆ ఫార్ములాలో "నల్లజాతి" అని టిక్ పెడితే కిడ్నీ పనితీరు ఉన్నదానికంటే మెరుగ్గా కనిపించేది. లిథియం (మూడ్ జబ్బుల మందు, కిడ్నీలకు హాని చేయగలదు) మీద ఉన్నవాళ్ళకు అది ఎంత ముఖ్యమో సైకియాట్రిస్టులకు చెప్పనక్కర్లేదు.

నల్లజాతి సైకియాట్రిస్టులు ఇంత తక్కువ ఎందుకు?

దేశ జనాభాలో నల్లజాతివారు సుమారు 13 శాతం. సైకియాట్రిస్టుల్లో 2 శాతం చుట్టుపక్కల. 1910లో మెడికల్ కాలేజీల నాణ్యత మీద వచ్చిన ఫ్లెక్స్‌నర్ నివేదిక తర్వాత నల్లవారి కోసం ఉన్న ఏడు మెడికల్ కాలేజీల్లో ఐదు మూతపడ్డాయి. హోవార్డ్, మెహారీ మాత్రమే మిగిలాయి. అప్పట్లో తెల్లవారి కాలేజీల్లో చాలావరకు వీళ్ళను చేర్చుకునేవి కావు.

సోలమన్ కార్టర్ ఫుల్లర్ గురించి నాకు రెసిడెన్సీలో ఎవరూ పాఠం చెప్పలేదు. 1872లో లైబీరియాలో పుట్టాడు. అమెరికాలో మొదటి నల్లజాతి సైకియాట్రిస్టుగా ఆయన్నే చెప్తారు. మ్యూనిక్ వెళ్ళి ఆల్జీమర్ దగ్గరే పని చేశాడు. తిరిగొచ్చి బోస్టన్ యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పాడు. 1933లో తన కంటే జూనియర్ తెల్ల డాక్టర్‌కు ప్రొఫెసర్ పదవి ఇస్తే, ఉద్యోగం వదిలేసి వెళ్ళిపోయాడు.

1969లో చెస్టర్ పియర్స్, ఆయన తోటివారు కలిసి బ్లాక్ సైకియాట్రిస్ట్స్ ఆఫ్ అమెరికా పెట్టుకున్నారు. ఆ మే నెలలో మయామీలో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పెద్దల ముందు కూర్చుని తమ డిమాండ్లు వినిపించారు. ఇవాళ ప్రతి ఆఫీసు ట్రైనింగ్‌లోనూ వినిపించే "మైక్రో అగ్రెషన్" (రోజూ చిన్న చిన్న మాటలతో, చేతలతో చేసే అవమానం) అన్న మాట పుట్టించింది పియర్సే, 1970లో. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్‌కు మొదటి నల్లజాతి ప్రెసిడెంటు ఆల్తా స్టూవర్ట్ వచ్చేసరికి 2018 అయింది.

చేరినవాళ్ళను నిలబెట్టుకోవడంలోనూ మేం ఫెయిలవుతున్నాం. అన్ని స్పెషాలిటీలూ కలిపి 2015 ప్రాంతపు లెక్కల్లో, రెసిడెంట్లలో నల్లజాతివారు 5 శాతమైతే, తీసేసినవారిలో సుమారు 20 శాతం వాళ్ళే. కాగితం మీద కారణం చాలాసార్లు "ప్రొఫెషనలిజం". తెల్ల రెసిడెంట్ గట్టిగా వాదిస్తే నిక్కచ్చిగా మాట్లాడతాడంటారు. నల్లజాతి రెసిడెంట్ అంతే గట్టిగా వాదిస్తే ఆమెతో పని చేయడం కష్టమంటారు. మూల్యాంకన కమిటీలో కూర్చుని నేను ఈ రెండు మాటలూ ఒకే మధ్యాహ్నం విన్నాను.

మనం తెలుగువాళ్ళం, మొన్న వచ్చినవాళ్ళం. బానిసత్వం మనం చేయలేదు. మనకేం సంబంధం?

మనకు వీసా ఎలా వచ్చిందో ముందు చూడండి. పౌరహక్కుల చట్టం 1964. ఆ ఉద్యమపు ఊపులోనే 1965 వలస చట్టం వచ్చింది. ఆసియావాళ్ళకు దాదాపు మూసి ఉన్న తలుపు దానితోనే తెరుచుకుంది. 1966లో మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) మొదలైనప్పుడు, నల్లవారిని వేరు వార్డుల్లో పెడితే ఆ డబ్బు రాదని ప్రభుత్వం చెప్పబట్టే ఆసుపత్రులు అందరివీ అయ్యాయి. ఉస్మానియా నుంచి, గుంటూరు నుంచి, ఆంధ్రా మెడికల్ కాలేజీ నుంచి వచ్చిన మన పెద్దలు అడుగుపెట్టింది ఆ ఆసుపత్రుల్లోకే. దెబ్బలు తిన్నవాళ్ళు వేరు, గేటు దాటి వచ్చింది మనం.

ఇక మన నోటి మాట. ఇళ్ళలో, వాట్సాప్‌లో "నల్లోళ్ళు" అనే మాట ఎలా వాడతామో మనకు తెలుసు. "ఆ ఏరియాలో ఇల్లు కొనకండి, నల్లోళ్ళుంటారు." వచ్చిన మొదటి వారం నాకు అందిన సలహా ఇది. చెప్పినవాళ్ళు నన్ను ప్రేమగా చూసుకున్నవాళ్ళే. దానికి చాలా ముందు, పుట్టిన పిల్లను చూసి "రంగు తక్కువ" అని మొహం చిన్నబుచ్చుకున్న మేనత్తలను చూశాం. అబ్బాయి ఎర్రగా బుర్రగా ఉన్నాడని మెచ్చుకున్నాం. నా భయం ఎక్కడిదని పైన అడిగాను కదా, అందులో కొంత నేను సూట్‌కేసులో తెచ్చుకున్నదే.

కులం సంగతి తెలిసినవాళ్ళకు ఇది ఇంకా తేలిగ్గా అర్థం కావాలి. అంబేడ్కర్ 1946లో నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు, ఐక్యరాజ్యసమితికి నల్లవారు ఇచ్చిన వినతిపత్రం గురించి అడుగుతూ. డుబాయిస్ జవాబిచ్చాడు. వాళ్ళిద్దరికీ పోలిక కనిపించింది.

అన్నిటికీ మించి, ఛార్టులో రాసేది మనం. బి-52 ఆర్డర్ కింద ఆ రాత్రి ఉన్నది ఒక తెలుగు పేరు.

2020 తర్వాత డిపార్ట్‌మెంట్లు చాలా చేశాయి కదా? ఏది పని చేసింది?

పోలీసు చేతిలో నల్లజాతి మనిషి జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత ప్రతి డిపార్ట్‌మెంటూ ఒక ప్రకటన ఇచ్చింది, ఒక కమిటీ వేసింది. 2021 జనవరి 18న, మార్టిన్ లూథర్ కింగ్ దినం నాడు, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన చరిత్రకు నల్లజాతివారికి, మూలవాసులకు, ఇతర వర్ణాలవారికి క్షమాపణ చెప్పింది. నేను ఆ పేజీ ప్రింట్ తీసుకుని పెట్టుకున్నాను. ఆ మాట రావాల్సింది, వచ్చింది.

ఏడాది తిరగ్గానే, 2022 ఫిబ్రవరిలో కొలంబియా యూనివర్సిటీ సైకియాట్రీ చైర్ జెఫ్రీ లీబర్‌మన్ ఒక నల్లజాతి మోడల్ ఫొటో మీద ట్వీట్ పెట్టాడు. ఆమె ప్రకృతి వికృతో కళాఖండమో అన్న ధోరణిలో రాశాడు. ఆయన ఆ సంఘానికి ఒకప్పటి ప్రెసిడెంటు. క్షమాపణ చెప్పాడు, యూనివర్సిటీ సస్పెండ్ చేసింది. అంత పైన కూర్చున్న మనిషి మెచ్చుకుంటున్నాననుకుంటూ ఆ మాట రాశాడు. ఒక గంట ట్రైనింగ్ వీడియోతో పోయేది కాదిది.

నేను చూసినంతలో వీడియోలు, పోస్టర్లు, పుస్తక చర్చలు మాత్రమే పెట్టి ఊరుకున్న చోట పెద్దగా ఏమీ కదల్లేదు. చర్చలు వద్దనను. కానీ కదిలింది లెక్కలు బయటపెట్టినచోట. మా దగ్గర ప్రతి మంగళవారం ఒక గంట, ఆ వారంలో కట్టేసిన ప్రతి పేషెంటు కేసునూ చదువుతాం. జాతి, వయసు, ఎవరు ఆర్డర్ పెట్టారు, అంతకుముందు ఎంతసేపు మాట్లాడారు, సెక్యూరిటీని ఎవరు, ఎప్పుడు పిలిచారు. నర్సులు, గార్డులు, డాక్టర్లు అందరూ ఉంటారు. మొదటి నెలలు నరకంలా ఉండేవి, ఒకరి మీద ఒకరం తోసుకున్నాం. మూడో నెలలో ఒక గార్డు, ఆయనా నల్లజాతి మనిషే, "మమ్మల్ని పిలిచేముందు ఛార్జర్ ఉందేమో చూడండి. నేను చూసిన గొడవల్లో సగం ఫోన్ దగ్గరే మొదలయ్యాయి" అన్నాడు. ఆ గార్డుకు నా కేసు తెలియదు. తర్వాతి వారం నర్స్ మేనేజర్ ఎనిమిది ఛార్జర్లు కొని డ్రాయర్‌లో పెట్టింది. గ్లవ్స్ గుమ్మం దగ్గర తొడుక్కోవడం మానేశారు.

రెండోది, సైకోసిస్ అని రాసేముందు మూడ్ లక్షణాలన్నీ అడిగి నింపాల్సిన ఫారం. విసుగే, కానీ అడగడం మర్చిపోనివ్వదు. మూడోది డబ్బు, టైము. డిపార్ట్‌మెంట్‌లో ఉన్న ఒకరిద్దరు నల్లజాతి ఫ్యాకల్టీనే ప్రతి కమిటీలోకి, ప్రతి బ్రోషర్ ఫొటోలోకి లాగి, పరిశోధనకు టైము లేకుండా చేసి, ప్రమోషన్ రోజున పేపర్లేవని అడగడం పచ్చి అన్యాయం. ఆ పనికి జీతంలో వాటా రాసివ్వాలి, ప్రమోషన్‌లో లెక్కించాలి. లేదా మిగతావాళ్ళం ఆ పని పంచుకోవాలి.

ఇప్పుడు అన్ని జాతులవాళ్ళకూ చోటు దక్కేలా చూసే డైవర్సిటీ ఆఫీసులే మూసేస్తున్నారు. ఇంకేం చేయగలరు?

2023 జూన్‌లో సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదంది. టెక్సస్‌లో 2024 జనవరి నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆ ఆఫీసులు ఉండకూడదని చట్టం వచ్చింది. 2025లో కేంద్ర ప్రభుత్వమూ అదే దారి పట్టింది. నా స్నేహితుల ఉద్యోగాలు పోయాయి. బాధగా ఉంది.

అయినా డయాగ్నసిస్ సరిగ్గా చేయకూడదని ఏ చట్టమూ అనలేదు. మనుషుల్ని కట్టేసిన లెక్క చూడటం పేషెంట్ భద్రత పని, క్వాలిటీ విభాగం పని. క్లోజాపిన్ ఎవరికి అందట్లేదో చూడటం మందుల పని. బోర్డు మీద పేరు తీసేసినా ఈ పనులు చేయవచ్చు. చేస్తున్నాం.

అక్కా, నేను వీసా మీద ఉన్నాను. అటెండింగ్ (మా పై డాక్టర్) తప్పుగా మాట్లాడితే ఎదురు చెప్పగలనా?

భయం సహజం. జే-1 మీదో హెచ్-1బి మీదో ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే దేశమే వదలాలి. హీరోయిజం నేను చెప్పను.

రౌండ్స్‌లో ప్రశ్న రూపంలో అడుగు. "ఏ లక్షణాలు చూసి స్కిజోఫ్రీనియా అనుకున్నాం? బైపోలార్ ఎందుకు కాదనుకున్నాం?" ఇది నేర్చుకునేవాళ్ళు అడగాల్సిన ప్రశ్నే, తప్పు పట్టలేరు. నోట్‌లో విశేషణం బదులు జరిగింది రాయి. "అగ్రెసివ్" అనకు, "రెండుసార్లు తలుపు తట్టాడు, ఛార్జర్ అడిగాడు" అని రాయి. "మందులు వేసుకోడు" అనకు, "ఫార్మసీకి రెండు బస్సులు మారాలి, మందు అయిపోయింది" అని రాయి. పాత ఛార్టు నుంచి డయాగ్నసిస్ కాపీ చేయకు, మళ్ళీ అడుగు. వీటికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

మరీ దారుణంగా ఉంటే తేదీ, టైము, అన్న మాట యథాతథంగా నీ దగ్గర రాసిపెట్టుకో. పేషెంటు వివరాలు మాత్రం అందులో రాయకు. ప్రోగ్రామ్ డైరెక్టర్ దగ్గరికి వెళ్ళలేకపోతే యూనివర్సిటీలో అంబుడ్స్ ఆఫీసు ఉంటుంది, గుట్టుగా మాట్లాడవచ్చు. నీ తోటి నల్లజాతి రెసిడెంట్‌ను అందరి ముందు చిన్నబుచ్చితే, తర్వాత కారిడార్‌లో ఓదార్చి ఊరుకోకు. ఆమె ఒప్పుకుంటే నువ్వు చూసింది సాక్ష్యంగా చెప్పు. సాక్షి లేకపోతే ఆమె మాట ఒంటరిదైపోతుంది.

పేషెంట్లు నన్ను కూడా "మీ దేశానికి పో" అంటారు. రెండూ ఒకటేనా?

రెండూ గాయాలే. నాకూ తగిలాయి, బాత్రూంలోకెళ్ళి ఏడ్చిన రోజులున్నాయి. కానీ నన్ను అలా అన్నవాళ్ళెవరూ నన్ను మంచానికి కట్టేయలేదు. ఆ తేడా గుర్తుంచుకుంటే చాలు.

నల్లజాతి పేషెంటు "నాకు నల్లజాతి డాక్టరే కావాలి" అంటే ఏం చేయాలి?

మొదట్లో నాకు చిన్నతనంగా అనిపించేది. ఇప్పుడు, ఉంటే పంపిస్తాను. లేకపోతే లేరని నిజం చెప్తాను.

పోయిన శీతాకాలంలో ఒక తల్లి, పంతొమ్మిదేళ్ళ కొడుకును తీసుకొచ్చింది. కొడుక్కి నెల రోజులుగా గొంతులు వినిపిస్తున్నాయి. కూర్చోకుండానే అడిగింది, "మీ దగ్గర నల్లజాతి డాక్టర్లెవరైనా ఉన్నారా?" అని. "ఒకరున్నారు. అపాయింట్‌మెంట్ ఆరు వారాల తర్వాత ఉంది. ఇప్పుడే బుక్ చేస్తాను. అప్పటిదాకా నేను చూస్తాను" అన్నాను. 2021 నుంచి పేషెంట్లు తమ నోట్స్ తామే ఆన్‌లైన్లో చదువుకోవచ్చు. ఎలాగూ చదువుతారు కదా, ఇప్పుడే చదవనీ అనుకున్నాను. కంప్యూటర్ తెర వాళ్ళ వైపు తిప్పాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని మెల్లగా చదివింది.

"తండ్రి లేడని రాశారు. తండ్రి ఉన్నాడు. రాత్రి షిఫ్టు చేస్తాడు, అందుకే రాలేదు."

ఎమర్జెన్సీ కాగితంలో ఉన్నదాన్ని నేను అడక్కుండానే దించేశాను. సారీ చెప్పి, తుడిచి, ఆమె చెప్పినట్టే టైప్ చేశాను. కొడుకు అప్పటిదాకా తలెత్తలేదు.

"బస్సు డ్రైవర్ అని కూడా రాయండి" అన్నాడు.